బెత్తెడు, జానెడు, మూరెడు

ఈసారి దసరా నుంచి ఇప్పటిదాకా మా మేడ మీద కొత్తిమీరకి లోటు రాలేదు. దీని వెనక మా నాన్న చెయ్యి ఉంది, నిజంగా చెయ్యే, ఎందుకంటే ఆయన టేపు వాడరు. మొక్కకీ మొక్కకీ ఎంత ఎడం ఉండాలో చేత్తోనే చూపిస్తారు.

మేం ఉండేది సీతమ్మధారలో. నిరుడు ఉత్సాహం కొద్దీ ఒక్క ఆదివారమే ధనియాలు, పాలకూర, ముల్లంగి అన్నీ చల్లేశాను. కొత్తిమీర అంతా ఒకేసారి కోతకొచ్చింది, కింద వాటాల వాళ్లకి పంచినా మిగిలింది, ఆ తర్వాత నెలన్నర మళ్లీ రైతుబజారుకే. టమాటా సంగతి ఇంకా బాధ. ఒక్కో గ్రో బ్యాగులో నాలుగేసి నాటాను, ఒకదాన్నొకటి కమ్మేసి, గాలి ఆడక, అసలే మన విశాఖ తేమ, కింది ఆకులు మచ్చలు పడి ఎండుతూ వచ్చాయి. ఏడుపొచ్చింది.

నాన్న భీమిలి వైపు మా ఊర్నుంచి వచ్చి చూసి, "పంక్తిలో కూర్చోబెట్టినా మోచెయ్యి ఆడేంత చోటు ఇస్తాం కదమ్మా" అన్నారు. ఇప్పుడు బ్యాగుకి ఒక్కటే టమాటా, నేలలో అయితే మూరెడు ఎడం. పాలకూర సాళ్లకి జానెడు. ముల్లంగికి బెత్తెడు చాలు, కానీ మొలిచినవాటిలో ఎక్కువైనవి పీకెయ్యాలి, అక్కడ నా చెయ్యి ఆడలేదు. ఉంచాల్సిన మొక్క మొదట్లో మట్టిని ఒక వేలితో అదిమిపట్టి, పక్కదాన్ని మెల్లగా పైకి లాగాలి, లేకపోతే రెండూ కదిలిపోతాయి. పీకినవి ఆ పూటే పప్పులో వేశాను.

కొత్తిమీరకి మాత్రం ఎడం రోజుల్లో పాటించాలి. పొడుగు తొట్టిని పుల్లలతో నాలుగు వంతులు చేసి, పది రోజులకొక వంతు చల్లుతాను. నాలుగోది చల్లిన పది రోజులకి, అంటే దాదాపు నలభై రోజులకి, మొదటిది కోతకొస్తుంది, కోసి ఆ చోటే మళ్లీ ధనియాలు. చల్లేముందు చపాతీ కర్రతో రెండు బద్దలయ్యేలా నలపాలి, ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, అలాగే వేస్తే రెండూ ఒకేచోట మొలిచి తోసుకుంటాయి.

ఏప్రిల్ వచ్చిందంటే ఎండకి ఆకు సరిగ్గా ఎదగకుండానే పూతకెళ్లిపోతుంది, అప్పుడు ఆ తొట్టిలో తోటకూర వేస్తాను, అది వేడికి తట్టుకుంటుంది.

క్యాలెండర్‌లో రేపటి తారీఖుకి సున్నా చుట్టి ఉంది, మూడో వంతుది. ధనియాలు నలిపి నానబెట్టాను.