అంచు మీది సూదిపని: కశ్మీరీ పురుషుల శాలువా

కశ్మీర్‌లో మగవారి కోసం తయారయ్యే ఉన్ని శాలువాలో నాకు అన్నిటికంటే నచ్చేది అందులో కుట్టుపని లేని భాగమే. సుమారు 1.25 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్లకు పైబడిన పొడవు ఉన్న బట్టలో సన్నని అంచును మినహాయించి తక్కినదంతా ఖాళీగా వదిలివేసినప్పుడు, నేతలోని లోపానికి దాక్కునే చోటు దొరకదు. నిండుగా పూలు కుట్టిన శాలువాలో ఎగుడుదిగుడు పేక, తెగి అతికిన పడుగు దారం కుట్టు కింద మరుగున పడిపోవచ్చు. అందుకే మగవారి శాలువాను ఎంచేటప్పుడు ముందు బట్టను, ఆ తరువాతే కుట్టును చూడాలని నా అభిప్రాయం.

శాలువా అంటే ఆడవారి అలంకారమని నేడు చాలామంది అనుకుంటారు గాని, మొఘల్ దర్బారులో అది ప్రధానంగా పురుషుల వస్త్రం. అక్బరుకు శాలువాలంటే ఎంత మక్కువో అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో రాశాడు. పాదుషాలు తమ కొలువులోని వారికి బహూకరించే ఖిలత్‌లలో, అంటే గౌరవ వస్త్రాలలో, కశ్మీరీ శాలువాకు స్థానం ఉండేది. అది స్త్రీల భుజాలను ఏలడం మొదలుపెట్టింది ఐరోపా చేరాక, ఫ్రాన్స్ సామ్రాజ్ఞి జోసెఫీన్ వంటివారు మోజుపడిన తరువాత.

అప్పటి శాలువాల నమూనాలు సూదితో కుట్టినవి కావు. ‘కానీ’ అని పిలిచే చిన్న చెక్కపుల్లలకు రంగురంగుల దారాలు చుట్టి మగ్గం మీదనే నేసినవి. 1820లలో కశ్మీర్‌లో ఉన్న ఆంగ్లేయ యాత్రికుడు విలియం మూర్‌క్రాఫ్ట్ ఇచ్చిన వివరం ప్రకారం, ఇస్తాంబుల్ వర్తకుల తరఫున 1803లో వచ్చిన ఖ్వాజా యూసుఫ్ అనే ఆర్మీనియా వ్యాపారి, ఆ నేత నమూనాలను సూదితో కుట్టిస్తే ఖర్చు ఎంతో తగ్గుతుందని గ్రహించాడు. నేసిన శాలువాలపై ఉన్న సుంకం కుట్టిన వాటికి మొదట్లో వర్తించకపోవడం అతనికి మరింత కలిసివచ్చింది. ఖర్చూ పన్నూ తగ్గించుకోవడానికి ఎంచుకున్న దారి ఒక గొప్ప కళకు ఊతమివ్వడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. 1870-71లో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధంతో ఐరోపా గిరాకీ కుప్పకూలి నేతగాళ్ల బతుకులు చితికిపోయినా, సూదిపని మాత్రం నిలిచింది.

నేడు పురుషుల శాలువాల మీద మనం చూసే నాణ్యమైన పని చాలావరకు సోజ్నీ అనే సన్నని సూదిపని. ముందుగా నక్కాష్ అనే చిత్రకారుడు నమూనా గీస్తాడు. దానిని చెక్కిన చెక్క అచ్చులతో, బొగ్గుపొడి లేదా సుద్దపొడి వంటివాటితో బట్ట మీద అద్దుతారు. ఆపైన సోజ్నీకారుడు సన్నని సూదితో, పట్టు లేదా సన్నని నూలు దారంతో, పడుగు పోగులను కొద్దికొద్దిగా పైకెత్తుతూ చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ పోతాడు. నాలుగు వైపులా అంచు కుట్టినది దోర్‌దార్, రెండు కొసలలో వెడల్పాటి పట్టీలు కుట్టినది పల్లాదార్. ఊదా, బూడిద, ముదురు గోధుమ వంటి రంగుల మీద దాదాపు అదే ఛాయ దారంతో కుట్టిన దోర్‌దార్‌కు సాటివచ్చేది మరొకటి లేదు. దూరం నుంచి అది కనిపించనే కనిపించదు. అదే దాని గొప్పతనం.

చేతిపనిని గుర్తించాలంటే శాలువాను తిరగేయాలి. చేతికుట్టులో వెనుకవైపు దారాలు కొంచెం అటూఇటూగా ఉంటాయి, ఒక పువ్వు పక్క పువ్వును అచ్చుగుద్దినట్లు పోలదు. యంత్రపు కుట్టులో అడుగుదారం వెనుక వరుసగా, ఒకే బిగువుతో కనిపిస్తుంది. రెండువైపులా ఒకేలా కనిపించే దోరుఖా పనికి మాత్రం ఈ పరీక్ష చాలదు, అక్కడ కుట్లలోని స్వల్ప తేడాలనే వెతకాలి. ఇక అసలైన శాలువా అని నమ్మించడానికి దానిని ఉంగరంలోంచి లాగి చూపే వేడుకను నేను లెక్కచేయను. పల్చటి కృత్రిమ బట్ట కూడా ఉంగరంలో దూరుతుంది.

లడఖ్ చాంగ్‌థాంగీ మేకల పశ్మీనా పోగు 12 నుంచి 16 మైక్రాన్ల మందం మాత్రమే ఉండి, అతి మెత్తగా, తేలికగా ఉంటుంది. అయినా రోజూ కప్పుకొని తిరిగే మనిషికి మెరీనో ఉన్నితో నేసే రఫల్ శాలువాయే మేలని నేను చెబుతాను. అది రాపిడికి ఓర్చుకుంటుంది, అంచు కుట్టు బరువుకు బట్ట ముడుచుకుపోదు, ధరలోనూ చాలా అందుబాటులో ఉంటుంది. షాతూష్ అని ఎవరైనా చెవిలో ఊదితే అక్కడినుంచి లేచి రావాలి. చిరూ జింకలను చంపి తీసే ఆ ఉన్ని వ్యాపారం చట్టరీత్యా నేరం.

శాలువాను కొక్కేనికి తగిలించకూడదు, తన బరువుకు తానే సాగిపోతుంది. శుభ్రం చేసి పూర్తిగా ఆరిన తరువాతనే పల్చని నూలుగుడ్డలో చుట్టి దాచాలి, ఎందుకంటే చెమట, నూనె మరకలున్న ఉన్ని మీదకే చిమ్మెటలు ఎక్కువగా చేరతాయి. ప్రతిసారీ పాత మడత మీదనే మడిస్తే ఆ గీత వెంబడి కుట్టుదారం ముందుగా అరుగుతుంది కనుక, తీసి పెట్టినప్పుడల్లా మడతను కాస్త జరపడం మంచిది.