మిక్సర్ వెతుక్కుంటూ వశిష్ఠ దాటి

సంక్రాంతి ప్రోగ్రాములు అయ్యాక, అంతర్వేది కల్యాణం హడావుడి మొదలయ్యే లోపు మా మైకుసెట్ల వాళ్లకి కాస్త తీరిక దొరుకుతుంది. మైకుల, వాయిద్యాల సౌండు కలిపి సర్దే పాత అనలాగ్ మిక్సర్ పక్కన పెట్టి డిజిటల్ కొందామని నేనూ మా బావా ఆ తీరికలోనే రావులపాలెం నుంచి బయల్దేరాం. షోరూంలో బల్ల మీద ఏ మిక్సరైనా బాగానే పలుకుతుంది. అద్దెకు తిరిగేదాని సంగతి మాత్రం దాన్ని ఊరూరా మోసేవాళ్లే చెప్పాలి.

సిద్ధాంతం వంతెన మీద గోదావరి పాయ వశిష్ఠ దాటి, పెనుగొండ మీదుగా భీమవరం. మావుళ్లమ్మ ఉత్సవాలతో ఊరంతా సందడి. అక్కడొకాయన దగ్గర అలెన్ అండ్ హీత్ ఎస్‌క్యూ-5 ఉంది. సౌండుని సెకనుకి 96 వేల సార్లు కొలిచే (96 కిలోహెర్ట్జ్) మిక్సర్. హార్మోనియం, తబలా పెట్టి, ఒక పద్య నటుడి చేత రాగం తీయించారు. గొంతు పై స్థాయికి వెళ్లినా ఎక్కడా గీరుకోలేదు. నిజంగా మనసు పడ్డాను. ఆయనే ఆపారు: “సౌండుకి తిరుగులేదండి. కానీ బయటి ఆర్కెస్ట్రా ఆపరేటర్లు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వస్తారు. అందులో ఉండేది బెహ్రింగర్ ఎక్స్32 మిక్సర్ సీను, అంటే ముందే దాచుకున్న సెట్టింగులు. నా దాంట్లో తెరుచుకోదు. అప్పటికప్పుడు అన్నీ మొదట్నుంచి కట్టుకోవాలి.”

నర్సాపురంలో యమహా టీఎఫ్3 చూశాం. టచ్ స్క్రీన్ మీద పని, కొత్త కుర్రాళ్లకి తొందరగా పట్టుబడుతుంది. పగటి సభల్లో ఎండ పడితే తెర కనపడదని దాని మీద గొడుగు కడుతున్నారు.

రేవులో పంటి (జనాన్నీ బళ్లనీ దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటుతూ బావ చీటీ తీసి లెక్క వేశాడు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకి డ్రమ్స్ 8, ప్యాడ్ 2, రెండు కీబోర్డులకి 4, గిటార్, బేస్ చెరొకటి, తబలా 2, డోలక్ 2, ఫ్లూటు 1, గాయకులు 4, యాంకర్ 1. మొత్తం 26. ఎస్‌క్యూ-5 వెనక మైకు సాకెట్లు 16. మిగతావి స్టేజీ బాక్సు (స్టేజీ మీద పెట్టి మైకులు గుచ్చే పెట్టె) మీదే రావాలి.

సఖినేటిపల్లిలో చూసిన బెహ్రింగర్ ఎక్స్32 బాగా వాడిన సరుకు. సముద్రం దగ్గర కదా, మైకు కేబుళ్ల ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుల మీద పచ్చటి చిలుము. ఓనరు మెత్తటి పెయింటు బ్రష్షుతో ఫేడర్ల (సౌండు పెంచి తగ్గించే మీటలు) సందుల్లోంచి వరిగడ్డి నలుసులు తీస్తూ మాట్లాడాడు. జనవరి మంచులో తెల్లవారుజాము దాకా ప్రోగ్రాం నడిస్తే పైన దుప్పటి, దానిపైన పట్టా కప్పాల్సిందేనట. ఆయన ఎక్కువ సేపు చెప్పింది మాత్రం కేబుల్ గురించి. స్టేజీ మీద ఎస్16 బాక్సు, అక్కణ్ణుంచి మిక్సర్ దాకా ఒక్క క్యాట్5ఈ తీగ. అన్ని మైకుల తీగలూ ఒకటిగా కలిపిన బరువైన మల్టీకోర్ చుట్ట మొయ్యక్కర్లేదు. మామూలు నెట్ కేబుల్ చివరలు నొక్కి వాడితే ఒకసారి పాట మధ్యలో సౌండు పోయిందట. అప్పట్నుంచి షీల్డు ఉన్న తీగ, లోహపు తొడుగు కనెక్టరు తప్ప ముట్టుకోవట్లేదు. “రాత్రి పూట ఎస్16 మొరాయిస్తే రాజోల్లో మనవాడి దగ్గర ఇంకోటుంది తమ్ముడూ, బండి మీద తెచ్చేస్తాడు. అక్కడ పోతే నాది పంపుతాను” అన్నాడు.

భీమవరంలో విన్న రాగం చెవిలోనే ఉంది, అయినా నా మనసు ఇక్కడే మారింది. అద్దె మిక్సర్ పదిమంది చేతులు మారుతుంది. చుట్టుపక్కల ఎవరికీ తెలియని మిక్సర్ ఎంత మంచిదైనా ఆ రాత్రికి మనం ఒంటరివాళ్లమే.

అమలాపురంలో మైడాస్ ఎం32 కూడా చూశాం. లోపలి పద్ధతి దాదాపు ఎక్స్32దే, అది తెలిసినవాడు తడుముకోడు. ఫేడర్లు, మైకు ప్రీయాంప్లు (మైకు సిగ్నల్ పెంచే భాగాలు) మేలు, ధర ఎక్కువ. ఆ తేడా డబ్బుతో స్టేజీ బాక్సులు వస్తాయన్నాడు బావ. ఎస్16కి 16 ఇన్‌పుట్లే, మాకు కావాల్సినవి 26, కాబట్టి బాక్సులు రెండు. ఎక్స్32, రెండు ఎస్16లు, షీల్డు తీగ చుట్టలు రెండు (ఒకటి స్పేరు), గట్టి ఫ్లైట్ కేసు. కొత్తపేట దగ్గర టీ తాగుతూ డీలరుకి ఫోన్ చేసి ఈ జాబితాయే చదివాను. కల్యాణానికి ముందే సరుకు చేతికి రావాలని రెండుసార్లు చెప్పాను.