కెనాన్ 700డి నుంచి ఆర్10కి మారాక: పాత లెన్సుతో ఒక పక్షుల సీజన్

పాత కెనాన్ 700డి (లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా) పక్కన పెట్టి ఈఓఎస్ ఆర్10 (అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా) తీసుకున్నాక ఒక పక్షుల సీజన్ గడిచింది. కొనే ముందు నాకున్న అనుమానం ఒక్కటే, లెన్సు పాతదే ఉంచుకుని బాడీ ఒక్కటి మారిస్తే పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుందా అని. వీడియోల్లో చూస్తే కొత్త బాడీకి లక్షల రూపాయల లెన్సు తగిలించి తీసిన బొమ్మలే కనిపిస్తాయి, మనలాగా 55-250 ఎంఎం జూమ్ లెన్సుతో నెట్టుకొచ్చేవాళ్ల సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. నా మటుకు ఫలితం దక్కింది. అయితే ఆ లాభమంతా దాదాపు ఫోకస్‌లోనే ఉంది, బొమ్మ నాణ్యతలో వచ్చిన మార్పు దాని ముందు చిన్నదే.

నేను తీసేది ముఖ్యంగా పక్షుల్ని. గుంటూరు పక్కనే ఉప్పలపాడు, తెల్లవారుజామున బండి తీస్తే ఎండెక్కేలోపు ఇంటికి వచ్చేయొచ్చు. చలికాలంలో వీలు చిక్కితే కొల్లేరు, కైకలూరు దగ్గర ఆటపాక. 700డి 2013 నాటి మోడల్, 18 మెగాపిక్సెల్, సెకనుకు 5 ఫ్రేములు, 9 ఫోకస్ పాయింట్లు. ఆ తొమ్మిదీ ఫ్రేము మధ్యలోనే గుమిగూడి ఉంటాయి. ఎగిరే గూడబాతును (పెలికాన్‌ను) పట్టాలంటే నడిమి పాయింటును దాని మీదే నిలబెట్టి కెమెరా తిప్పుతూ పోవాలి, మధ్యలో కొమ్మ అడ్డొచ్చినా, వెనకాల చెట్టు తగిలినా ఫోకస్ జారిపోయేది. పాత ఫోల్డర్లు తెరిచి చూడండి, నా పక్షులన్నీ ఫ్రేములో నట్టనడుమ ఉంటాయి. అలా పెట్టాలని పెట్టినవి కావు, పాయింటు అక్కడే ఉంది కాబట్టి పక్షీ అక్కడే ఉంది.

ఆర్10 ఎందుకంటే, ఇది 2022 మే నెలలో ఆర్7తో కలిసి వచ్చింది. ఆర్7లో 32.5 మెగాపిక్సెల్, బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును తగ్గించే ఏర్పాటు), రెండు కార్డు స్లాట్లు, పెద్ద బ్యాటరీ, అన్నీ ఎక్కువే, ధర కూడా బాగా ఎక్కువ. ఆ తేడా డబ్బు మంచి లెన్సు కోసం దాచుకోవడం మేలనిపించింది. ఇటు 2023లో వచ్చిన ఆర్50 చవక, కానీ దానికి జాయ్‌స్టిక్ (ఫోకస్ పాయింటును వేలితో జరిపే చిన్న మీట) లేదు. చెట్ల మధ్య కూర్చున్న పక్షిని తీసేవాళ్లకు జాయ్‌స్టిక్ చాలా అవసరం, దాని దగ్గర మాత్రం రాజీ పడొద్దని గట్టిగా చెబుతాను.

పాత లెన్సుల సంగతి. నా దగ్గర ఉన్నవి 55-250 ఎస్‌టీఎం, 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. రెండూ కెనాన్ ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో ఏ పేచీ లేకుండా పని చేస్తున్నాయి. ఈ అడాప్టర్‌లో గాజు కటకం అంటూ ఏమీ ఉండదు, ఖాళీ గొట్టం, కరెంటు కాంటాక్టులు, అంతే. పాత మౌంటులో (లెన్సు బిగించే చోట) లెన్సుకీ సెన్సారుకీ మధ్య దూరం 44 ఎంఎం, కొత్తదాంట్లో 20, ఆ మిగతా 24 ఎంఎం నింపడమే దీని పని. కాబట్టి షార్ప్‌నెస్ తగ్గుతుందేమోనన్న భయం అక్కర్లేదు. బరువు కూడా లెక్కేశాను. 700డి బాడీ 580 గ్రాములు, లెన్సు 375, మొత్తం 955. ఇప్పుడు బాడీ 429, అడాప్టర్ 110, అదే లెన్సు, మొత్తం 914. సంచీ తేలికవుతుందని మిర్రర్‌లెస్‌కి మారేవాళ్లు ఈ లెక్క చూసుకోండి, పాత లెన్సులతోనే ఉంటే పెద్దగా ఏమీ తగ్గదు. గ్రిప్ మాత్రం పాతదానికన్నా లోతుగా ఉంది, చెయ్యి నిండుగా పట్టుకోవచ్చు.

ఇంకొకటి, ఇది నేను ఊహించనిది. అదే 55-250 ఇప్పుడు మరింత షార్ప్‌గా అనిపిస్తోంది. కారణం లెన్సు కాదు. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సారు విడిగా కింద ఉంటుంది, ఫొటో పడే సెన్సారు వేరు. ఆ రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ కంటి మీద కాక మెడ మీద పడుతుంది, దాన్ని సరిచేసే మైక్రో అడ్జస్ట్‌మెంట్ 700డిలో లేదు. ఇప్పుడు ఫొటో పడే సెన్సారే ఫోకస్ కూడా కొలుస్తుంది, ఆ గొడవే లేదు. మీ పాత లెన్సు సాఫ్ట్‌గా ఉందని అమ్మేయబోయే ముందు ఒకసారి కొత్త బాడీ మీద పెట్టి చూడండి.

ఉప్పలపాడు

ఊరి చెరువులో తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు అన్నీ కలిసి ఉంటాయి. పక్షులు దగ్గరే, మనుషులకు అలవాటు పడ్డాయి, 250 ఎంఎం సరిపోతుంది. కష్టమల్లా కొమ్మలతోనే. కెమెరాలో ఏం పట్టాలో చెప్పే చోట 'జంతువులు' ఎంచుకుంటే కుక్క, పిల్లితో పాటు పక్షుల్ని కూడా గుర్తిస్తుంది. సర్వోలో (కదిలేదాన్ని ఆపకుండా వెంబడించే ఫోకస్ పద్ధతి) ఉంటే కంటి మీద చిన్న నీలం పెట్టె వచ్చి కూర్చుంటుంది. గూడబాతు తల ఎటు తిప్పినా ఆ పెట్టె దాన్ని వదలదు.

పిల్లకు మేత పెట్టడం తీశాను. తల్లి ముక్కు బార్లా తెరిస్తే పిల్ల తన తలా మెడా మొత్తం ఆ సంచీలోకి దూర్చేస్తుంది, రెక్కలు టపటపా కొట్టుకుంటూ లోపలే ఉంటుంది. బయటికి కనిపించే కన్ను తల్లిది ఒక్కటే. ఆ కుదుపుల్లో కూడా పెట్టె తల్లి కంటి మీద నుంచి కదల్లేదు. ఫొటో పెద్దది చేస్తే పైముక్కు అంచు వెంట వరసగా ఉండే మచ్చలు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టొచ్చు, సాగిన సంచీ తోలు మీద గీతలు కూడా తెలుస్తున్నాయి. అంతకన్నా నాకు సంతోషం వేసింది ఎందుకంటే ఆ ఫ్రేములో తల్లి ఎడమ పక్కకు ఉంది, కుడి వైపు గూడంతా కనిపిస్తోంది. ఫోకస్ గురించి ఆలోచించే పని తప్పితే ఫ్రేము అంచులు చూసుకునే తీరిక దొరుకుతుంది. 700డి వ్యూఫైండర్‌లో 95 శాతమే కనిపించేది, అంచున ఏ పుల్ల దూరిందో ఇంటికొచ్చాకే తెలిసేది, ఇందులో 100 శాతం కనిపిస్తుంది.

ఎక్కడ దెబ్బతింటుందో కూడా చెప్పాలి. నీటికాకి వెనక నుంచి ఎండ పడుతుంటే ఆ నల్లటి ముఖంలో కన్ను దొరకదు, పెట్టె ఒంటి మీదే తచ్చాడుతుంది. ఒకే చెట్టు మీద తెల్ల పక్షులు గుంపుగా ఉంటే మనకు కావలసింది వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ముందు సన్నని కొమ్మలు ఉంటే ఒక్కోసారి కొమ్మకే ఫోకస్ వేసి కూర్చుంటుంది, ఎంత నొక్కినా వెనక్కి రాదు.

వీటికి నేను పెట్టుకున్న సెట్టింగులు ఇవి. షట్టర్ బటన్ మీద నుంచి ఫోకస్ తీసేశాను. ఏఎఫ్-ఆన్ బటన్‌కి చిన్న సింగిల్ పాయింట్, దాని పక్కన నక్షత్రం గుర్తున్న బటన్‌కి కన్ను పట్టే ఫోకస్. మామూలుగా నక్షత్రం బటనే నొక్కుతాను, అది తడబడిన మరుక్షణం బొటనవేలు పక్కకు జరిపి సింగిల్ పాయింట్‌ను కొమ్మల సందులోంచి పక్షి మీద పెడతాను, ఫోకస్ దగ్గరికి వచ్చాక మళ్లీ నక్షత్రం. చెప్పడానికి ఇంత ఉంది గానీ వేలికి అలవాటైతే ఆలోచన కూడా అక్కర్లేదు. సర్వో కేసుల్లో 2 పెట్టాను, అడ్డొచ్చినవాటిని పట్టించుకోకుండా పాతదాన్నే వెంబడించే కేసు అది, చెట్ల మధ్య ఎగిరే పక్షులకు ఆటోమేటిక్ కన్నా నాకు ఇదే బాగుంది.

ఆటపాక

ఇక్కడ పడవ మీద నుంచి తీయాలి. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు, 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల జాబితా) ఉంది. గూడబాతుల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు కూడా కట్టారు, గూళ్లు వాటి మీదే. "దగ్గరికి పోతే లేచిపోతాయండీ, ఇక్కడే ఇంజిన్ ఆపేస్తా, మీరు తీసుకోండి" అని పడవాయన ముందే చెప్పాడు, ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. ఇంజిన్ నడుస్తుండగా తీసిన వాటికీ ఆపాక తీసిన వాటికీ తేడా స్పష్టంగా కనిపించింది. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, లెన్సులో ఉన్నదే దిక్కు, ఆ వణుకును అది పూర్తిగా ఆపలేదు.

ఎగిరేవాటికి మాన్యువల్ మోడ్, షట్టర్ 1/2000 సెకను, ఎఫ్/6.3, ఆటో ఐఎస్ఓ (వెలుతురును బట్టి సెన్సారు సున్నితత్వాన్ని కెమెరానే మార్చుకోవడం), గరిష్ఠం 6400. గూడబాతు రెక్క మెల్లగా ఆడిస్తుంది కాబట్టి 1/1250 అయినా చాలు, చిన్న పక్షులకే 2000 దాటాలి. ఎర్రకాళ్ళ కొంగలకు ఎక్స్‌పోజర్ రెండు మెట్లు, అంటే మూడింట రెండొంతుల స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు సగం కావడమో రెట్టింపు కావడమో) తగ్గిస్తాను, లేకపోతే ఒంటి తెలుపు కాలిపోయి ఈకల గీతలు పోతాయి, తోక దగ్గరి ఆ గులాబీ రంగు కూడా పాలిపోతుంది. ఇక్కడ ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఎంత మేలో చెప్పలేను, హిస్టోగ్రామ్ (బొమ్మలో వెలుగు నీడల పంపకం చూపే గ్రాఫ్) కంటి ముందే ఉంటుంది, నొక్కక ముందే తెలిసిపోతుంది.

షట్టర్ విషయంలో జాగ్రత్త. మెకానికల్‌తో సెకనుకు 15 ఫ్రేములు, ఎలక్ట్రానిక్‌తో 23. ఆ 23 చూసి ఎగిరే పక్షులకు వాడితే రెక్కలు వంకర పోతాయి, ఎందుకంటే సెన్సారు పైనుంచి కిందకి చదివేలోపు రెక్క జరిగిపోతుంది. కూర్చున్న పక్షికైతే ఎలక్ట్రానిక్ బంగారం, చప్పుడే ఉండదు. ఎగిరేదానికి 15 చాలు. నిజానికి ఆ 15 కూడా రా ఫైళ్లతో (సెన్సారు ఇచ్చిన సమాచారం మొత్తం ఉండే ఫైళ్లు) సుమారు రెండు సెకన్లే, ఆ తర్వాత బఫర్ (కార్డులోకి వెళ్లేముందు ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా నత్తనడక పడుతుంది. సి-రా (కుదించిన రా) పెట్టుకుంటే ఫైలు బాగా చిన్నదై ఇంకా చాలాసేపు లాగుతుంది, నాకు బొమ్మలో తేడా ఏమీ కనిపించలేదు, అదే వాడుతున్నాను. కార్డు యూహెచ్ఎస్-2 (వేగంగా రాసే రకం) కొనండి. పాత కార్డుతో కూడా పని చేస్తుంది గానీ బఫర్ ఖాళీ అయ్యే వరకు ఎదురుచూస్తూ కూర్చోవాలి, పక్షి ఆగదు.

బొమ్మ నాణ్యత

24 మెగాపిక్సెల్ అంటే 6000 పిక్సెళ్ల వెడల్పు, పాతది 5184. అంటే వెడల్పులో 16 శాతం ఎక్కువ, అంతే. దూరపు పక్షిని కత్తిరించుకోవడానికి కాస్త మిగులు దొరుకుతుంది గానీ లెన్సు పొడవుకు అది సాటి రాదు. నాకు బాగా నచ్చింది నీడలు. 700డిలో నీడల్ని పైకి లేపితే చారలు తేలేవి, ఇందులో రెక్క కింద చీకటిని రెండు స్టాపులు లేపినా శుభ్రంగా వస్తోంది. ఐఎస్ఓ 3200 వరకు నిశ్చింత, 6400లో నాయిస్ తీసేయాలి. అలాగని రాత్రి పగలు అంత తేడా ఏమీ ఆశించకండి, సెన్సారు సైజు పాతదానిలాగే ఏపీఎస్-సి, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నది.

రా ఫైళ్లు సీఆర్3 అనే రకంలో వస్తాయి, ఫొటోలు దిద్దే పాత సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 6 వాటిని తెరవదు. కెనాన్ వాళ్ల డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్ ఉచితం, కొంచెం నిదానం, రంగులు మాత్రం కెమెరాలో చూసినట్టే వస్తాయి.

బ్యాటరీ దగ్గర మాత్రం నిరుత్సాహమే. ఎల్‌పీ-ఈ17 చిన్న బ్యాటరీ, డీఎస్ఎల్ఆర్‌లో అద్దంలోంచి చూస్తే చార్జి ఖర్చయ్యేది కాదు, ఇప్పుడు చూస్తున్నంతసేపూ ఖర్చే. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉండాలంటే అదనపు బ్యాటరీ లేకుండా బయల్దేరొద్దు. పాత ఎల్‌పీ-ఈ8 బ్యాటరీలు దీనికి పట్టవు. టైప్-సితో చార్జి అవుతుంది, అయితే చార్జర్‌కి పీడీ (పవర్ డెలివరీ అనే చార్జింగ్ పద్ధతి) ఉండాలి, మామూలు పాత ఫోన్ చార్జర్ పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. చార్జి మిగుల్చుకోవాలని ఆటో పవర్ ఆఫ్ మరీ తక్కువ పెట్టొద్దు, నిద్రలేచేసరికి లకుముకి దూకేసి ఉంటుంది.

మన కోస్తా తేమకు ఒక మాట. అద్దం అడ్డు లేదు కాబట్టి లెన్సు మార్చేటప్పుడు బాడీని నేలవైపు వంచి త్వరగా మార్చండి, చెరువు గట్టు దుమ్ము నేరుగా సెన్సారు మీదకే పోతుంది. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చాక సంచీ జిప్పు తీయకుండా కాసేపు ఉంచండి, లేదంటే లెన్సు మీద ఆవిరి పడుతుంది. ఇంట్లో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూస్తున్నాను. వానాకాలంలో జెల్ తరచూ మార్చాలి. తెలిసినవాళ్ల లెన్సులో ఫంగస్ చూశాక ఈ విషయంలో నాకు బద్ధకం లేదు.

ఇక లెన్సు. ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 ఒక మిత్రుడి దగ్గర తీసుకుని ఉప్పలపాడులో వాడి చూశాను. ఎఫ్/8 అంటే 700డి రోజుల్లో ఫోకస్సే పట్టదు, ఆర్10 ఏ తడుముకోవడం లేకుండా పట్టేసింది. 250 దగ్గర ఫ్రేములో నాలుగో వంతు ఎత్తు ఉండే నత్తగుల్ల కొంగ ఇప్పుడు సగానికి దగ్గరగా వచ్చింది, ముక్కు మధ్య సందు స్పష్టంగా కనిపిస్తోంది. బరువు 635 గ్రాములు, అడాప్టర్ అక్కర్లేదు, కాబట్టి భుజానికి పెద్ద భారం కాదు. ఒక స్టాపు వెలుతురు పోతుంది, సూర్యుడు పైకి వచ్చే దాకా ఐఎస్ఓ 6400 దగ్గరే ఉంటుంది. అయినా వచ్చే చలికాలానికి అదే కొంటాను, 55-250 ఇంట్లోనే ఉంచుతా, మబ్బు రోజుల్లో దానికే పని. 100-400 కొనేవాళ్లు హుడ్‌కి కూడా డబ్బులు కలుపుకోండి, అది పెట్టెలో రాదు, విడిగా కొనాలి.