డేగ, కాకి, సేతువ: ఇంట్లో కట్టుకునే జిగ్గులు

నా జిగ్గుల డబ్బాలో మూడే రంగులు ఉంటాయి. డేగ, కాకి, సేతువ. గోదావరి జిల్లాల వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ల కోసం చెప్తున్నాను: ఎర్ర పుంజు డేగ, నల్లది కాకి, తెల్లది సేతువ. సంక్రాంతి బరుల దగ్గర వినపడే పేర్లే, నేను మాత్రం వాటిని పండుగప్ప చేపకి వేసే గాలాలకి పెట్టుకున్నాను.

జిగ్గు అంటే పెద్ద విషయం కాదు. గాలం మెడ దగ్గర సీసం గుండు పోసి, దాని వెనకాల వెంట్రుకలో ఈకలో దారంతో బిగించి కట్టినది. ఎర గుచ్చే పని లేదు. రొయ్య ఎగిరి కింద పడ్డట్టు కర్రతో మనమే ఆడించాలి. కొట్లో నాకు దొరికేవన్నీ 20 గ్రాములు, 30 గ్రాములు, లోతు సముద్రానికి సరిపోయేవి. నర్సాపురం దగ్గర వశిష్ఠ గోదావరి గట్టున నేను నిలబడే చోట నీళ్లు రెండు నిలువులు కూడా ఉండవు, అక్కడ ఆ బరువు వేస్తే రాయి వేసినట్టు పోయి బురదలో దిగబడుతుంది. నాకు కావలసింది 10 గ్రాములు, పాటు, అంటే సముద్రం వైపు వెనక్కి తీసే నీరు, బాగా లాగే రోజైతే 14. అవి దొరక్కే కట్టడం మొదలుపెట్టాను.

సీసం కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. విసురువల అంచుకు కట్టే గుళ్లు కరిగిస్తే చాలు. కానీ ఇక్కడ మాత్రం నా మాట వినండి. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అచ్చులో చుక్క తడి ఉన్నా అది ఒక్కసారిగా ఆవిరై కరిగిన సీసాన్ని పైకి చిమ్ముతుంది. మొదటి ఏడాది ప్లాస్టర్ అచ్చు పూర్తిగా ఆరకముందే పోశాను, ఎడమ చేతి మీద రెండు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పటినుంచి అచ్చుని వారం రోజులు ఎండలో పెట్టి, పోసే ముందు మళ్లీ వేడి చేస్తున్నాను. ఈ పని పెరట్లోనే, గాలి తగిలే చోట, దానికే ఉంచుకున్న ఇనప గరిటెతో. వంటింటి గిన్నె వాడొద్దు, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వొద్దు, సీసం ముట్టుకున్న చేత్తో ఏమీ తినొద్దు.

వెంట్రుక మటన్ కొట్టులో అడిగితే ఇస్తారు. నల్ల మేక తోక వెంట్రుకైతే మంచిది, పొడుగ్గా, కొంచెం గరుగ్గా ఉంటుంది. షాంపూతో రెండుసార్లు కడిగి, ఎండబెట్టి, కలరా ఉండలు వేసి డబ్బాలో పెడతాను, లేకపోతే పురుగు పడుతుంది. పుంజు ఈకల్లో తోకవి పనికిరావు, బిరుసుగా ఉంటాయి. మెడ మీదవి, నడుము దగ్గర కిందకి వేలాడేవి కావాలి. అవి నీళ్లలో ఊపిరి తీస్తున్నట్టు కదులుతాయి.

ఇక కట్టడం. గాలాన్ని వైస్‌లో బిగించి, టైలర్లు వాడే పాలిస్టర్ దారంతో గుండు వెనక పది చుట్లు గట్టిగా వేస్తాను, ఉత్త ఇనుము మీద వెంట్రుక నిలవదు, జారిపోతుంది. తర్వాత రెండు ఈకలు, ఒకదానికొకటి వీపు ఆనేలా, కొసలు బయటికి వంగేలా. వాటి చుట్టూ వెంట్రుక. మొదట్లో నేను చిటికెన వేలంత లావు కుచ్చు పెట్టేవాణ్ణి, చూడ్డానికి నిండుగా ఉండేది. మా వీధిలో వేటకెళ్లే బాబాయ్ ఒకటి చేతిలోకి తీసుకుని, తొట్టిలో ముంచి పైకి తీసి, "ఇది చీపురురా అబ్బాయ్, రొయ్య ఇంత లావుంటుందా?" అన్నాడు. సగం పీకేశాడు. మళ్లీ ముంచితే అప్పుడు కదిలింది. ఇప్పుడు అగ్గిపుల్ల రెండింతల లావుకి మించి పెట్టను. జిగ్గు కట్టడంలో నేను నేర్చుకున్నదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే: ఎంత తక్కువ కడితే అంత బాగా ఆడుతుంది. చివర్లో దారం ముడి మీద ఫెవిక్విక్ ఒక చుక్క, అది ఆరాక నెయిల్ పాలిష్ పూత.

రంగు సంగతి నీళ్లే చెప్తాయి. జనవరి, ఫిబ్రవరిల్లో నీళ్లు తేటగా ఉన్నప్పుడు నాకు సేతువకే ఎక్కువ పడ్డాయి. వరద ఎర్రనీరు దిగాక తెల్లది కనపడదు, కాకి కట్టాల్సిందే, ఆ మురికిలో నల్లటి ఆకారమే చేపకి ఆనుతుంది. డేగ సాయంత్రాలకి, ఎందుకో నాకు దాని మీద నమ్మకం ఎక్కువ.

పండుగప్ప పడితే చెంప మూత దగ్గర వేలు పెట్టకండి, కత్తిలా ఉంటుంది, దారాన్ని కూడా కోసేస్తుంది, అందుకే జిగ్గుకి ముందు మూరెడు పొడవున లావు దారం తప్పనిసరి. ఇంకో మాట. పండుగప్పల్లో చాలావరకు ముందు మగవే, బాగా పెరిగాకే ఆడవవుతాయి. అంటే చాలా పెద్దది పడిందంటే దాదాపు గుడ్లు పెట్టే తల్లే. అలాంటిది పడితే నేను ఫొటో తీసుకుని వదిలేస్తాను, ఇంట్లో తిట్టినా సరే.

ఎర్రనీరు రాకముందే ఇరవై కాకులు కట్టి పెట్టుకోవాలి. బాబాయ్ కూడా తనకి రెండు కావాలన్నాడు. నల్ల మేక కోసినప్పుడు తోక పక్కన పెట్టమని మటన్ కొట్టతనికి నిన్ననే చెప్పొచ్చాను.