మా అబ్బాయితో చూసిన ఒక గాయకుడి కథ

మొన్న ఆదివారం కడపలోని మా ఇంట్లో, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి పట్టుబట్టడంతో, బ్రిటన్‌కు చెందిన ‘క్వీన్’ అనే రాక్ సంగీత బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జీవితంపై 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమాను ఇద్దరం కలిసి చూశాము. అమెరికాలో దానికి పీజీ-13 రేటింగ్ ఇచ్చారు, అంటే పదమూడేళ్లలోపు పిల్లలకు కొన్ని దృశ్యాలు తగకపోవచ్చని తల్లిదండ్రులకు హెచ్చరిక. మద్యం, మాదకద్రవ్యాలు, స్వలింగ ప్రేమ కథలో ఉన్నాయి గానీ, నన్ను కలవరపెట్టినవి అవి కావు.

1985 జూలైలో జరిగిన లైవ్ ఎయిడ్ అనే విరాళాల సేకరణ కచేరీకి ముందే తనకు ఎయిడ్స్ ఉందని ఫ్రెడ్డీ తన బృంద సభ్యులకు చెప్పినట్లు చూపించారు. కానీ ఆయన జీవిత సహచరుడు చెప్పిన ప్రకారం వ్యాధి నిర్ధారణ అయినది 1987లో. దారి తప్పాడు, రోగం వచ్చింది, పశ్చాత్తాపపడ్డాడు అన్న వరుసలో కథ నడవడం వల్ల, రోగమంటే శిక్ష అన్న భావన పిల్లల మనసులో నాటుకుంటుందని నాకు అనిపించింది. అనుకున్నట్లే, “నాన్నా, ఆ జబ్బు ఆయన చేసిన తప్పుకు వచ్చిందా?” అని వాడు అడిగాడు.

అది వైరస్ వల్ల వచ్చే వ్యాధి అని, 1991 నవంబరులో 45 ఏళ్లకే ఆయన మరణించేనాటికి సరైన మందులు లేవని, ఇప్పుడు హెచ్‌ఐవీకి మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో అవి ఉచితంగా దొరుకుతాయని వివరించాను. ఆ వయసు పిల్లలకు ఈ సినిమా చూపించవచ్చు, పక్కన పెద్దవారు కూర్చుంటేనే. ఫ్రెడ్డీ మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నాడని చెప్పగానే, వాడు మ్యాపులో ఆ ఊరిని వెతకడం మొదలుపెట్టాడు.