మా 1932 ఫోర్డ్ అమ్ముడుపోయింది

ఫోన్ చేసిన ప్రతివాడికీ ఇదే చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా. కారు అమ్మేశాను. ఆరిజోనా నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొన్నాడు. ఎంతకి అని అడక్కండి. పెట్టిన ఖర్చులో కొంత గోవిందా అని మాత్రం చెప్తాను, హాట్ రాడ్ కట్టించుకున్న చాలామందికి ఇది తెలిసిన సంగతే. మన ముచ్చటకి మనం పెట్టిన డబ్బు కొనేవాడు ఎందుకిస్తాడు?

తెలియనివాళ్ల కోసం: పాత అమెరికన్ కారు తీసుకుని, మడ్‌గార్డులు పీకేసి, టాప్ కోసి కిందికి దించి, పెద్ద ఇంజన్ పెట్టి పరిగెత్తిస్తే అది హాట్ రాడ్. ఈ పిచ్చి ముదిరింది మేముండే దక్షిణ కాలిఫోర్నియాలోనే. మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద కుర్రాళ్లు పందేలు వేసుకునేవాళ్లు, ఆ రేసుల కోసం ఎస్‌సీటీఏ అనే సంఘం 1937లోనే పుట్టింది. అన్నిట్లోకీ 1932 ఫోర్డ్‌కే ఇంత మోజు ఎందుకంటే మామూలు జనం కొనగలిగే ధరలో వీ8 ఇంజన్, అంటే ఎనిమిది సిలిండర్లది, ఆ ఏడాదే ఇచ్చారు. 65 హార్స్‌పవర్. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ అప్పట్లో అది మాటలు కాదు.

మా దాంట్లో ఆ ఇంజన్ లేదు లెండి. షెవీ, అంటే షెవ్రోలే వాళ్ల 350 స్మాల్ బ్లాక్ అనే వీ8 పెట్టించాం, దానికి టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఫోర్డ్‌లో షెవీ ఇంజన్ ఏమిటని మొహం చిట్లించి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. పోనీండి. 1955లో షెవీ స్మాల్ బ్లాక్ ఇంజన్లు మొదలయ్యాక హాట్ రాడ్ వాళ్లలో చాలామంది ఇటే మొగ్గారు, బరువు తక్కువ, పార్టులు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. మా నాన్నగారి అభ్యంతరం వేరు, వీడియో కాల్‌లో చూసి "బానెట్ ఏదిరా, ఎవడైనా ఎత్తుకుపోయాడా?" అన్నారు.

కొన్న పెద్దాయన పెయింట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసి, తలుపు కింది అంచు దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాకా మెల్లగా జరుపుకుంటూ పోయాడు. ఒకచోట పట్టు వదిలి జారింది. తలెత్తి నా వంక చూశాడు. అక్కడ పుట్టీ ఉందని, తుప్పు పట్టిన ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశామని చెప్పి ఆ ఫోటోలున్న ఫోల్డర్ చేతిలో పెట్టాను. ఆ తర్వాత టార్చి వేసుకుని ఛాసిస్ ఎడమవైపు ఇనప దూలం మీద వంగాడు. బండి నంబరు అక్కడే కొట్టి ఉంటుంది: ఒక నక్షత్రం, 18, తర్వాత నంబరు, మళ్లీ నక్షత్రం. ఒక్కో అంకే వేలితో తడుముతూ పింక్ స్లిప్‌తో, అంటే బండి ఎవరిదో చెప్పే కాగితంతో సరిచూసుకున్నాడు. అప్పుడు గానీ రేటు మాట ఎత్తలేదు.

ఎందుకింత అంటే, 1932 కూపేలా (రెండు తలుపుల కారులా) కనిపించేవన్నీ 1932వి కావు. ఫైబర్‌గ్లాస్ బాడీలు బోలెడు దొరుకుతాయి, కొత్త స్టీలు బాడీలు కూడా. అవి చెడ్డవని కాదు, కానీ వాటి లెక్క వేరు, రిజిస్ట్రేషన్ వేరు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష అక్కర్లేదు. అదే కొత్తగా కట్టిన బండి అయితే 'స్పెషల్లీ కన్‌స్ట్రక్టెడ్' కింద వెళ్తుంది, వాటిలో స్మాగ్ మినహాయింపు ఏడాదికి 500 బళ్లకే. అందుకని ఎక్కడో పాత కాగితం సంపాదించి కొత్త బాడీకి తగిలించి అమ్మేవాళ్లున్నారు, చివరికి అది కొన్నవాడి మెడకి చుట్టుకుంటుంది. నన్నడిగితే మెరుపుల మీద పెట్టే డబ్బులో కొంత ఈ కాగితాలు, ఫోటోలు, బిల్లులు దాచుకోవడం మీద పెట్టడం నయం.

మెసేజీల్లో వచ్చిన బేరాల గురించి ఒక్క మాట. కారు చూడకుండానే, ధర తగ్గించమని కూడా అడక్కుండా, అడిగిన దానికంటే ఎక్కువకి క్యాషియర్స్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్కు) పంపిస్తా, మిగిలింది బండి తీసుకెళ్లే ట్రక్కువాడికి ఇచ్చెయ్యండి అనేవాడు పక్కా దొంగ. చెక్కు దొంగదని బ్యాంకు తేల్చేసరికి మన డబ్బు వెళ్లిపోయి ఉంటుంది. నేనైతే కొనేవాడి బ్యాంకులోనే కూర్చుని, వాళ్లు నా కళ్ల ముందు చెక్కు రాసిచ్చాకే తాళాలిచ్చాను. టెస్ట్ డ్రైవ్ కూడా ముందు నేనే నడిపి చూపించి, ఆయన ఇన్సూరెన్స్ చూశాకే స్టీరింగ్ ఇచ్చాను, పవర్ బ్రేకులు లేని బండి మరి.

హైదరాబాద్ మిత్రుడు ఒకడు ఇటు పంపరాదా అన్నాడు. పంపి ఏం చేస్తాం? 2021లో మన కేంద్రం వింటేజ్ బళ్లకి 'వీఏ' నంబరు సిరీస్ తెచ్చింది, బాగానే ఉంది, కానీ బండి 50 ఏళ్లు దాటడంతో పాటు ఒరిజినల్‌గా ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మా దాంట్లో మార్చనిది హార్న్ ఒక్కటే.

బండి ట్రైలర్ ఎక్కిన రాత్రే డీఎంవీ, అంటే ఇక్కడి ఆర్టీవో లాంటి ఆఫీసు సైట్‌లో రిలీజ్ ఆఫ్ లయబిలిటీ (బండి అమ్మేశాను, ఇక నా బాధ్యత కాదని చెప్పే ఫారం) నింపేశాను. ఐదు రోజుల్లో నింపాలి, లేదంటే ఆయన కట్టని టోల్, పార్కింగ్ చలానాలు మనింటికొస్తాయి. గరాజ్‌లో ఒక హాలీ కార్బురేటర్, పక్కల తెల్ల పట్టీ ఉండే రెండు వైట్‌వాల్ టైర్లు మిగిలాయి. పొమోనా స్వాప్ మీట్‌కి, అంటే పాత కార్లు, పార్టుల సంతకి తీసుకెళ్తున్నా, ఈలోగా కావలసినవాళ్లు మెసేజ్ పెట్టండి, బేరానికి రెడీ.