బవుమా, మా బావ, కోటా

సౌతాఫ్రికా మ్యాచ్ ఉందంటే గుంటూరు అరండల్‌పేటలో మా ఇంట్లో గొడవ ఖాయం. ఆ జట్టు నల్లజాతి కెప్టెన్ టెంబా బవుమా క్రీజులోకి రాగానే మా బావ "వచ్చాడ్రా కోటా కెప్టెన్" అంటాడు. ఆయనకు రైల్వేలో ఉద్యోగం వచ్చింది స్పోర్ట్స్ కోటాలోనే! ఆ మాటెత్తితే "నేను ఆడి తెచ్చుకున్నానురా" అంటాడు. మరి బవుమా ఆడకుండా వచ్చాడా? 2025 జూన్‌లో లార్డ్స్‌లో టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్. తొడ కండరం పట్టేసి కుంటుతూనే 66 కొట్టాడు. "గెలిపించింది మార్‌క్రమ్" అన్నాడు బావ. నిజమే, ఆ తెల్ల బ్యాటర్ 136 చేశాడు. నల్లజాతి బౌలర్ రబాడ తీసిన 9 వికెట్లు మాత్రం బావ లెక్కలోకి రాలేదు.

అసలు ఈ కోటా అంటే, 2016లో సౌతాఫ్రికా క్రికెట్ బోర్డు పెట్టిన రూలేంటంటే, జట్టులో సగటున ఆరుగురు తెల్లవాళ్లు కానివాళ్లు ఉండాలి, వాళ్లలో ఇద్దరైనా నల్లజాతి ఆఫ్రికన్లు కావాలి. ప్రతి మ్యాచ్‌కీ కాదు, సీజన్ మొత్తం మీద.

బావ చేతిలో ఉన్న గట్టి అస్త్రం 2015 వరల్డ్ కప్ సెమీఫైనల్. ఆక్లండ్‌లో మంచి ఊపు మీదున్న తెల్ల బౌలర్ కైల్ అబాట్‌ని పక్కనపెట్టి, గాయం నుంచి అప్పుడే కోలుకున్న, తెల్లవాడు కాని బౌలర్ ఫిలాండర్‌ని దించారు. అతనికి ఒక్క వికెట్ పడలేదు, మ్యాచ్ పోయింది. 2016 రూల్ అప్పటికి రాకపోయినా, పైనుంచి ఒత్తిడి వచ్చిందని అప్పట్నుంచీ అంటూనే ఉన్నారు, బోర్డు కాదంటూనే ఉంది. ఇక్కడ బావతో నాకు పేచీ లేదు, అది చెత్త సెలక్షన్. కానీ అబాట్ మీద జాలిపడ్డవాళ్లు ఫిలాండర్‌ని మర్చిపోయారు. టెస్టుల్లో 200 పైచిలుకు వికెట్లు తీసినవాడికి ఆ ఒక్క రోజు ముద్ర పడిపోయింది.

అంతకుముందు ఆడిన నల్లజాతి బౌలర్ మఖాయా ఎన్‌తీని సంగతి ఇంకా కష్టం. పల్లెటూళ్లో పశువులు కాసుకునే కుర్రాడు, 390 టెస్ట్ వికెట్లు తీశాడు. పొద్దున్నే బ్యాగు టీమ్ బస్సు డ్రైవర్ చేతికిచ్చి, తను గ్రౌండ్‌కి పరిగెత్తుకుంటూ వెళ్లేవాడట. సాయంత్రం మళ్లీ అంతే. ఫిట్‌నెస్ పిచ్చి అనుకున్నారు అందరూ. బస్సులో తన పక్కన ఎవరూ కూర్చోరని, ఆ ఒంటరితనం తప్పించుకోడానికే పరిగెత్తానని 2020లో టీవీలో చెప్పాడు. దీనికి ఏ కోటా ఏం చేస్తుంది?

నాకు కోటా మీద ఉన్న కంప్లయింట్ వేరే. బవుమా పుట్టింది కేప్‌టౌన్ పక్కన లాంగా అనే నల్లజాతి బస్తీలో, కానీ చదివింది పేరున్న పెద్ద స్కూళ్లలో. రబాడ కూడా అంతే, వాళ్ల నాన్న డాక్టర్. అంటే కోటా లెక్క సరిపోవాలన్నా మళ్లీ ఆ ఖరీదైన స్కూళ్ల గ్రౌండ్ల నుంచే రావాలి. మా వీధిలో ఇడ్లీ బండి ఆవిడ కొడుకు టెన్నిస్ బాల్‌తో ఇన్‌స్వింగ్ వేస్తాడు. అండర్-14 సెలక్షన్స్‌కి పంపుదామని నేనంటే బావ అడ్డం పడ్డాడు. "లెదర్ బాల్ ముట్టుకోనివాడిని ఏం పంపుతావురా, ముందు ఏడాది నెట్స్‌లో వెయ్యనీ" అన్నాడు. నేను మూడేళ్లుగా మొత్తుకుంటున్నదీ అదే కదా బావా!